పెట్టె పాతదే... ప్రాణమే కొత్తది!

అల్మరా మీద ఓ చిన్న పెట్టె. అందులో పెళ్లి వీడియోలు, పిల్లల బారసాల ఫొటోలు, నాన్నగారు స్కాన్ చేయించిన పొలం కాగితాలు. ఏళ్ల తరబడి ఒక్కరోజు కూడా మొరాయించలేదు. ఓ రోజు ఇంట్లోకి కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది. అంతే... పెట్టె మాయం! లైటు వెలుగుతోంది, డిస్కు తిరుగుతోంది. పాత కంప్యూటర్లోంచి చూస్తే ఫైళ్లన్నీ భేషుగ్గా తెరుచుకుంటున్నాయి. కొత్తదానికి మాత్రం అక్కడ పెట్టె ఉన్నట్టే తెలియడం లేదు. షాపులో అడిగితే 'ఇది పాతబడిపోయింది సార్, కొత్తది తీసుకోండి' అన్న జవాబే వస్తుంది.

నిజానికి పెట్టెకేమీ కాలేదు. దానికి వచ్చిన భాషే పాతబడింది.

ఇంట్లోని కంప్యూటర్లన్నీ ఒకే చోట ఫైళ్లు దాచుకోవడానికి రూటర్‌కు తగిలించే ఈ పెట్టెల్ని నెట్‌వర్క్ స్టోరేజి, ముద్దుగా 'నాస్' అంటారు. ఇవి విండోస్‌తో మాట్లాడే పద్ధతి పేరు ఎస్ఎంబీ. పాత పెట్టెల్లో చాలావాటికి దాని మొదటి వెర్షనే తెలుసు. 2017 మేలో ప్రపంచాన్ని వణికించిన 'వన్నాక్రై' వైరస్ ఆ మొదటి వెర్షన్‌లోని లోపాన్ని పట్టుకునే కంప్యూటర్లలోకి చొరబడింది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన విండోస్ 10 మార్పులతో మైక్రోసాఫ్ట్ దాన్ని పక్కన పెట్టడం మొదలెట్టింది. అలా ఎన్నో ఇళ్లలో మంచి పెట్టెలు రాత్రికిరాత్రే మూగవైపోయాయి.

కనిపించకపోవడం ఒక్కటే అయితే ఫరవాలేదు. 2021 జూన్‌లో అంతకన్నా పెద్ద దెబ్బ తగిలింది. వెస్టర్న్ డిజిటల్ 'మై బుక్ లైవ్' పెట్టెలున్న ఎంతోమంది తెల్లారి లేచి చూసుకుంటే ఏళ్లుగా దాచుకున్న ఫైళ్లు లేవు. ఎవరో ఇంటర్నెట్ ద్వారా లోపలికి దూరి పెట్టెను 'ఫ్యాక్టరీ రీసెట్' చేసేశారు. వాటిని వెంటనే ఇంటర్నెట్ నుంచి తీసేయమని కంపెనీ చెప్పింది. ఆ మోడల్‌కు చివరి అప్‌డేట్ వచ్చింది 2015లో. అంటే తాళం పాడై ఆరేళ్లయినా బాగుచేసే దిక్కు లేదన్నమాట!

మరి కంపెనీ చేతులెత్తేస్తే పెట్టెను పాత సామాన్లవాడికి వేసేయాల్సిందేనా? అక్కర్లేదు. చాలా పెట్టెల్లో మనమే కొత్త లినక్స్ ఎక్కించుకోవచ్చు. అందుకు దారిచ్చేది లోపల దాగున్న ఓ బుల్లి ప్రోగ్రామ్. దాని పేరు బూట్‌లోడర్.

అరచేతిలో కంప్యూటర్
చూడ్డానికి డబ్బాలా ఉన్నా, నాస్ అంటే నిజానికి మానిటరు, కీబోర్డు లేని కంప్యూటరే. ప్రాసెసరు, ర్యామ్, ఆపరేటింగ్ సిస్టమ్ అన్నీ ఉంటాయి. చాలావాటిలో ఉండేది లినక్సే.

ఈ సంగతి లోకానికి గట్టిగా చాటింది 2004లో వచ్చిన లింక్సిస్ 'ఎన్ఎస్ఎల్‌యు2'. అరచేతిలో ఇమిడేంత పెట్టె. సొంత డిస్కు లేదు. రెండు యూఎస్‌బీ పోర్టులుంటే, వాటికి మన డిస్కే తగిలించుకోవాలి. ర్యామ్ 32 మెగాబైట్లు. సాఫ్ట్‌వేర్ ఉండే ఫ్లాష్ మెమరీ 8 మెగాబైట్లు. పేరులోని అక్షరాల్ని కూడబలికి అభిమానులు దాన్ని 'స్లగ్' అని పిలుచుకున్నారు.

లినక్స్‌కు ఓ షరతుంది. దాన్ని వాడి వస్తువు అమ్మేవాళ్లు, ఆ ప్రోగ్రామ్ సోర్స్ కోడ్‌ను కొన్నవాళ్లకు అందుబాటులో ఉంచాలి. దాంతో స్లగ్ కోడ్ బయటికొచ్చింది. ఔత్సాహికులు పెట్టెను విప్పి చూశారు. చూస్తే ఓ తమాషా... లోపలి చిప్ 266 మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేయగలది. మొదట్లో వచ్చిన పెట్టెల్లో మాత్రం అది సగం వేగంతో, 133తోనే నడుస్తోంది. బోర్డు మీద ఉన్న చిన్న రెసిస్టరు ఒక్కటి తీసేస్తే పూర్తి వేగం వచ్చేసేది!

2007 ఏప్రిల్‌లో విడుదలైన డెబియన్ 4.0 ఇన్‌స్టాలర్‌లో స్లగ్‌కూ చోటు దక్కింది. డెబియన్ ప్రాజెక్టుకు అంతకుముందు నాయకుడిగా పనిచేసిన మార్టిన్ మిషెల్‌మాయర్ అందుకు బాగా కృషిచేశారు. ఫైళ్లు దాచుకోవడానికి కొన్న డబ్బా అలా వెబ్‌సైట్లు నడిపింది, ప్రింటర్‌ను ఇల్లంతా పంచింది, పాటలు వినిపించింది.

తెర తీసే సూత్రధారి
స్విచ్ వేయగానే ఏ కంప్యూటరూ నేరుగా లినక్స్‌లోకో విండోస్‌లోకో వెళ్లదు. నాటకంలో సూత్రధారిలా ముందు బూట్‌లోడర్ వస్తుంది. ర్యామ్‌ను సిద్ధం చేస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కడుందో వెతికి, ర్యామ్‌లోకి తెచ్చి, రంగస్థలం అప్పగించి తప్పుకుంటుంది. ఇదంతా కొద్ది సెకన్ల ముచ్చటే.

కిటుకంతా ఇక్కడే ఉంది. ఏ పాత్రను పిలవాలో నిర్ణయించేది సూత్రధారే కదా! అతన్ని ఒక్క క్షణం ఆపి 'ఇవాళ ఆ పాత లినక్స్ వద్దు, ఈ కొత్తదాన్ని పిలువు' అని చెప్పగలిగితే చాలు, పెట్టె మన మాట వింటుంది.

స్లగ్‌లో ఈ సూత్రధారి పేరు 'రెడ్‌బూట్'. 8 మెగాబైట్ల ఫ్లాష్‌లో అది ఉండేది 256 కిలోబైట్లలో. కరెంటివ్వగానే అది సుమారు రెండు సెకన్లపాటు 192.168.0.1 అనే అడ్రసులో చెవి ఒగ్గి వింటుంది. ఆలోగా పక్క కంప్యూటరు నుంచి 'కంట్రోల్-సి' అందితే ఆగి ఆజ్ఞల కోసం చూస్తుంది. లేదంటే మామూలుగా ముందుకెళ్లిపోతుంది. రెండు సెకన్లు పట్టుకోలేనివాళ్లకు ఇంకో దారి ఉంది. రీసెట్ బటన్‌ను పిన్నుతో నొక్కిపట్టి స్విచ్ వేయాలి. పది సెకన్లకు లైటు ఎర్రబడుతుంది. వెంటనే వదిలితే ఎరుపు, ఆకుపచ్చ మార్చిమార్చి మెరుస్తుంది. 'కొత్త సాఫ్ట్‌వేర్ పంపండి, రాసుకుంటా' అని దానర్థం. డెబియన్ ఇన్‌స్టాలర్‌ను అలా పంపాక, మిగతా ప్రశ్నలన్నిటికీ వేరే కంప్యూటర్లోంచి నెట్‌వర్క్ మీదే జవాబులివ్వాలి. 32 మెగాబైట్ల ర్యామ్ కదా... గంటలకొద్దీ సాగేది!

తర్వాత వచ్చిన పెట్టెల్లో ఎక్కువగా కనిపించేది 'యూ-బూట్' అనే బూట్‌లోడర్. 2009లో వచ్చిన సీగేట్ డాక్‌స్టార్‌లో ఉన్నది ఇదే. ఇది 'ఆపాలంటే ఏదైనా కీ నొక్కండి... 3, 2, 1' అంటూ లెక్కపెడుతుంది. అయితే ఆ మాటలు మనకు కనపడాలంటే మూత విప్పి, బోర్డు మీది సీరియల్ పిన్నులకు వైర్లు తగిలించాలి.

ఇలా చేస్తారు...
ముందు డిస్కులో ఉన్నదంతా వేరేచోటికి కాపీ చేసుకోవాలి. ఇది సలహా కాదు, షరతు. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ ముట్టుకోవాలి.

పెట్టె కింద అంటించిన కాగితంలో మోడల్‌తోపాటు వెర్షన్ కూడా చూడాలి. ఒకే పేరుతో, లోపల వేరే చిప్పుతో వచ్చిన పెట్టెలు చాలా ఉన్నాయి. ఒకదాని సాఫ్ట్‌వేర్ ఇంకోదాంట్లో వేస్తే పని చెడుతుంది.

సీరియల్ కేబుల్ 3.3 వోల్టులదై ఉండాలి. గ్రౌండ్, పంపేది, అందుకునేది... ఈ మూడు వైర్లు చాలు. కరెంటు వైరు తగిలించకూడదు. పాత కంప్యూటర్ల వెనకుండే సీరియల్ పోర్టుకు నేరుగా కలిపితే అక్కడి ఎక్కువ వోల్టేజికి బోర్డు మాడిపోతుంది.

లెక్కపెట్టడం ఆపాక మొదట చేయాల్సింది సెట్టింగులన్నీ తెరమీదికి రప్పించి ఫైల్లో దాచుకోవడం. పెట్టెకు ప్రత్యేకమైన నెట్‌వర్క్ అడ్రసు చాలాసార్లు అందులోనే ఉంటుంది. పోగొట్టుకుంటే చిక్కు.

తర్వాత కొత్త లినక్స్‌ను పక్క కంప్యూటరు నుంచి కేబుల్ ద్వారా ర్యామ్‌లోకి మాత్రమే తెప్పించాలి. ఇందులో ఉన్న సుఖం ఏమిటంటే, ఫ్లాష్‌లో ఏదీ మారదు. నచ్చకపోతే స్విచ్ తీసి వేస్తే చాలు, పెట్టె మళ్లీ పాత మనిషే. యూ-బూట్‌లో మార్చిన సెట్టింగులూ అంతే, 'సేవ్' చేసేదాకా శాశ్వతం కావు. డిస్కు కనిపిస్తోంది, నెట్‌వర్క్ పనిచేస్తోంది, ఫ్యాను తిరుగుతోంది అని రూఢి చేసుకున్నాకే సేవ్ చేయాలి. కొత్త సాంబా ప్రోగ్రామ్ వేసుకుంటే కొత్త ఎస్ఎంబీ భాష వచ్చేస్తుంది. అల్మరా మీది పెట్టె కొత్త ల్యాప్‌టాప్‌కు మళ్లీ కనిపిస్తుంది.

ఇటుకైతే?
భయపడాల్సింది ఒక్కచోటే. లినక్స్ పాడైతే మళ్లీ ఎక్కించొచ్చు. బూట్‌లోడర్‌నే చెరిపేస్తే పిలిచేవాడే ఉండడు. సరిగ్గా అది రాస్తున్నప్పుడే కరెంటు పోయినా అంతే సంగతులు. అలా చచ్చిన పెట్టెను ఈ రంగంలోవాళ్లు 'ఇటుక' అంటారు. మార్వెల్ కిర్క్‌వుడ్ లాంటి కొన్ని చిప్పుల్లో సీరియల్ వైరు ద్వారానే కొత్త బూట్‌లోడర్ పంపి బతికించొచ్చు. అన్నిటికీ ఆ అదృష్టం లేదు. అందుకే అవసరం లేకుండా బూట్‌లోడర్ జోలికి వెళ్లొద్దంటారు అనుభవజ్ఞులు.

ఇంకో మాట. ఈ కొత్త ప్రాణం కూడా చిరంజీవి కాదు. 32 మెగాబైట్ల స్లగ్‌కు ఇవాళ్టి లినక్స్ మోయలేని బరువు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో డాక్‌స్టార్ తరం చిప్పులకు ఇన్‌స్టాలరే లేదు. కొన్ని కొత్త పరికరాల్లోనైతే బూట్‌లోడర్ కంపెనీ సంతకమున్న సాఫ్ట్‌వేర్‌ను తప్ప దేన్నీ పిలవదు. డబ్బులు మనవి, తాళంచెవి వాళ్లది! కాబట్టి పెట్టె కొనేముందు ఎన్ని టెరాబైట్లు అని అడగడంతోపాటు, అప్‌డేట్లు ఎన్నేళ్లిస్తారు, ఆ తర్వాత వేరే సాఫ్ట్‌వేర్ వేసుకోనిస్తుందా అని కూడా అడగాలి.

మరి 2021లో ఎందరికో గుండెకోత మిగిల్చిన ఆ మై బుక్ లైవ్ సంగతి? అందులోనూ ముందుగా నిద్రలేచేది యూ-బూటే. రూటర్ల కోసం పుట్టిన 'ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి' అనే లినక్స్ ఆ పెట్టెలోనూ చక్కగా ఎక్కుతుంది. కంపెనీ 2015లో వదిలేసిన పెట్టెకు ఊరూ పేరూ తెలియని ఔత్సాహికులు ఆ తర్వాత కూడా అప్‌డేట్లు అందించారు. పోయిన ఫొటోల్ని మాత్రం ఏ లినక్సూ తిరిగి తేలేదు. అందుకే పెట్టె ఎంత గట్టిదైనా, పెళ్లి ఫొటోల కాపీ ఇంకోటి ఇంకోచోట ఉండాల్సిందే!