కోళ్ల లెక్క కాదు, పెంట లెక్క అడగాలి

కోళ్ల ఫారం పక్క ఊరి జనం రోడ్డెక్కినప్పుడల్లా మన పత్రికల్లో రెండే కథనాలు వస్తాయి. ఈగలతో అన్నం తినలేకపోతున్నామన్న గ్రామస్థుల గోడు ఒకటి. దాణా ధరలతో చితికిపోయిన రైతు నెత్తిన ఇంకో లైసెన్సు రుద్దుతున్నారన్న ఆవేదన మరొకటి. రెండూ నిజమే. అయితే చట్టం ఏం చెబుతోందో చూడకుండా రాయడం వల్ల ఇదేదో ఊరికీ రైతుకూ మధ్య తగువులా మిగిలిపోతోంది. అసలు జవాబుదారులు ఆ కథనాల్లో కనబడరు.

ముందుగా ఒక అపోహ తొలగాలి. కోళ్ల ఫారాలకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి అన్నది ఈ మధ్య పుట్టిన నిబంధన కాదు. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం వ్యర్థానికి ఇచ్చిన నిర్వచనంలోనే ద్రవంతో పాటు ఘన పదార్థమూ ఉంది. 25వ సెక్షన్ వాగులు, బావులతో ఆగకుండా నేల మీద పడే వ్యర్థాన్నీ పట్టించుకుంటుంది. పరిశ్రమే కానక్కర్లేదు, ఏ కార్యకలాపమైనా సరే, వ్యర్థాన్ని వదిలే అవకాశం ఉంటే మొదలుపెట్టడానికి ముందే అనుమతి తీసుకోవాలి. టన్నుల కొద్దీ పెంట పోగయ్యే చోటు ఈ పరిధిలోకి రాదనడానికి ఆధారం నాకైతే కనబడదు.

ఇంత స్పష్టంగా ఉన్న చట్టానికి 2015లో కేంద్ర కాలుష్య నియంత్రణ బోర్డు మార్గదర్శకాలు గండి కొట్టాయి. ఒకే చోట లక్ష కోళ్ల లోపు ఉంటే అనుమతి అక్కర్లేదన్నాయి. పార్లమెంటు విధించిన బాధ్యతను ఒక బోర్డు మార్గదర్శకంతో మాఫీ చేయగలదా? చేయలేదన్నదే నా అభిప్రాయం. 2020 సెప్టెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ మినహాయింపును తిరిగి పరిశీలించమంది. బోర్డు వేరే ఉత్తర్వు ఇవ్వకపోతే 5,000 కోళ్లు దాటిన ఫారాలన్నిటికీ 2021 జనవరి 1 నుంచి అనుమతి విధానం అమలు చేయాలని చెప్పింది. ఆ తర్వాత వచ్చిన కొత్త మార్గదర్శకాలు కూడా 5,000 హద్దునే తీసుకున్నాయి. దీన్ని కొత్త భారంగా రాసిన వారు, అంతకు ముందున్న సడలింపుకు చట్టంలో చోటెక్కడుందని అడగలేదు.

అమెరికా అనుభవం చూస్తే మన చట్టం విలువ ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడి 1972 నాటి స్వచ్ఛ జల చట్టం పెద్ద పశుపోషణ కేంద్రాలను కాలుష్య కారకాలుగా పేరు పెట్టి మరీ చెప్పింది. అయినా 2005లో, 2011లో అక్కడి అప్పీలు కోర్టులు ప్రభుత్వ పర్యావరణ పరిరక్షణ సంస్థ చేతులు కట్టేశాయి. వ్యర్థం పారే అవకాశం ఉందన్న కారణంతో అనుమతికి దరఖాస్తు చేయమని ఒత్తిడి చేయకూడదని, నిజంగా నీటిలోకి వదులుతుంటేనే అడగవచ్చని తేల్చాయి. మనకు ఆ ఇబ్బంది లేదు. పారకముందే ఆపే అధికారం మన మండళ్లకు చట్టమే ఇచ్చింది. దాన్ని వాడకపోవడమే బాధ కలిగిస్తోంది.

ఇక కోళ్ల సంఖ్యను బట్టి హద్దు గీయడం గురించి. గుడ్లు పెట్టే లేయర్ కోళ్ల షెడ్డులో పైన పంజరాలు, కింద నెలల తరబడి పేరుకునే పెంట. కోళ్లు తాగే నిపుల్ నుంచి నీళ్లు కారి ఆ పెంట తడిసిందంటే ఎండాకాలంలో వారం పది రోజుల్లో కొత్త ఈగల తరం లేస్తుంది. పొడిగా ఉంచితే ఆ బెడద చాలా తగ్గుతుంది. ఒక్కో లేయర్ రోజుకు సుమారు 100 గ్రాముల రెట్ట వేస్తుంది. లక్ష కోళ్లంటే రోజుకు 10 టన్నులు. బ్రాయిలర్ అలా కాదు. ఊక మీద పెరిగి ఆరు వారాల లోపే వెళ్లిపోతుంది, బ్యాచ్ అయ్యాక ఊకతో సహా ఎత్తేస్తారు. ఈ రెంటినీ ఒకే అంకెతో కొలిస్తే కాలుష్యాన్ని కొలిచినట్టు కాదు.

షెడ్డు నుంచి ఊరికి దూరమెంత అని టేపు పట్టుకుని కొలిచే అధికారి, లారీ ఎక్కిన పెంట ఎక్కడికి పోయిందని కూడా అడగాలి. కొల్లేరు చుట్టూ చేపల చెరువుల్లో కోళ్ల ఎరువు వాడకం రహస్యమేమీ కాదు. అమెరికాలో అనుమతి పొందిన పెద్ద కేంద్రం తన ఎరువును ఇతరులకు ఇస్తే తీసుకున్నవారి పేరు, చిరునామా, తేదీ, పరిమాణం రాసి ఐదేళ్లు దాచాలి. ఒక రిజిస్టరు చాలు. మన అనుమతి పత్రంలో ఈ షరతు పెట్టడానికి కొత్త చట్టం అవసరం లేదు.

రైతు సంఘాల అభ్యంతరంలో న్యాయం ఉన్నది మరో చోట. కాంట్రాక్టు పెంపకంలో పిల్ల కంపెనీది, దాణా కంపెనీది, మందులు కంపెనీవి, పెరిగిన కోడీ కంపెనీదే. రైతుకు కిలోకు ఇంతని పెంపకం కూలి. పెంట, దాంతో వచ్చే కేసులు మాత్రం ఆయనవి. అమెరికాలో 2001 ముసాయిదా ఇలాంటి కంపెనీలను కూడా అనుమతిలో భాగస్వాములను చేయాలని చూసింది. 2003 తుది నిబంధనల్లో ఆ మాట ఎగిరిపోయింది. మన జల చట్టం మాత్రం ఆవరణ వ్యవహారాలపై అదుపు ఉన్నవారినే బాధ్యులుగా నిర్వచించింది. ఏ రోజు పిల్ల దించాలో, ఏ దాణా వేయాలో, ఏ రోజు కోడి ఎత్తాలో నిర్ణయించేది కంపెనీ అయినప్పుడు ఆ అదుపు ఎవరిదో వేరే చెప్పాలా? ఇంతవరకు ఈ కోణంలో నోటీసు ఇవ్వని మండలి ఏదైనా సరే, తన చేతిలోని ఆయుధాన్ని పక్కన పెట్టినట్టే.

జల చట్టానికి 2024 సవరణ వచ్చాక జాగ్రత్త ఇంకా అవసరం. కొన్ని రకాల పరిశ్రమలను 25వ సెక్షన్ నుంచి నోటిఫికేషన్‌తో మినహాయించే అధికారం కేంద్రానికి దఖలుపడింది. 2015లో మార్గదర్శకం ద్వారా జరిగిన పని రేపు చట్టబద్ధంగానే జరగవచ్చు. ఆ మినహాయింపు కోరే గొంతులు రైతు పేరుతోనే వినిపిస్తాయి, లాభం కంపెనీలకు చేరుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మండళ్లు జిల్లాల వారీగా ఒక జాబితా బయటపెట్టాలి. 5,000 కోళ్లు దాటిన ఫారాలు ఎన్ని, అనుమతి ఉన్నవెన్ని, అక్కడ పెరుగుతున్న కోళ్లు ఏ కంపెనీవి, పెంట ఎక్కడికి పోతోంది అన్నవి అందులో ఉండాలి. ఈసారి ధర్నా వార్త రాసే విలేకరి మిత్రులు ఈ నాలుగు ప్రశ్నలతో మండలి ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లాలని కోరుతున్నాను.