మొదటి తేదీని పారేయకండి

జనవరి 31కి ఒక నెల కలపమని జావా ప్రోగ్రామింగ్ భాషను అడగండి, లీపు కాని ఏడాదైతే ఫిబ్రవరి 28 అంటుంది. దానికి ఇంకో నెల కలిపితే మార్చి 28. అదే జనవరి 31కి ఒకేసారి రెండు నెలలు కలిపితే మార్చి 31 వస్తుంది. ఇది చూసి విసిగి, నెలంటే 30 రోజులని రాసేసి చేతులు దులుపుకునే ప్రోగ్రామర్లు చాలామంది. నా మట్టుకు నాకు ఇందులో జావా తప్పేమీ కనబడదు. నెలవారీ వాయిదాలకు ఒప్పందం కుదిరిన తేదీని వదిలేసి, పోయిన నెల వచ్చిన జవాబు మీద ఈ నెల లెక్క కట్టడమే తప్పు. ప్రామిసరీ నోట్ల గడువు గురించి 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ఏనాడో తేల్చి చెప్పింది: నోటు మీదున్న తేదీ నుంచే నెలలు లెక్కించాలి, చివరి నెలలో ఆ తేదీ లేకపోతే ఆ నెలల కాలం నెలాఖరుతో ముగుస్తుంది. కంప్యూటర్ పుట్టకముందు గుమాస్తాలకు తెలిసిన ఈ పద్ధతిని మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎందుకు నేర్చుకోదు? ఇక 30 రోజుల అడ్డదారి అంటారా, మధ్యవర్తిత్వ తీర్పును సవాలు చేసే గడువు విషయంలో మూడు నెలలంటే 90 రోజులు కాదని సుప్రీంకోర్టు 2010లో స్పష్టంగా చెప్పింది. జులై 1 నుంచి అక్టోబర్ 1కి 92 రోజులు మరి. ఆ రెండు రోజుల్లో ఒకరి హక్కే పోవచ్చు. అందుకే డేటాబేస్‌లో మొదటి తేదీనీ, ఒప్పుకున్న నెలల సంఖ్యనూ విడివిడిగా దాచాలి, ప్రతి వాయిదా తేదీనీ వాటి నుంచే లెక్కకట్టాలి.