మన ప్రార్థన ఎవరి చెవికి?



ఆదివారపు ఆరాధనలో సంఘ పెద్దను ప్రార్థన చేయుమందురు. అంతవరకు మన ఊరి మాటలో చక్కగా మాట్లాడిన ఆయన కన్నులు మూయగానే వేరొక మనిషియగును. గొంతు మారును, భాష మారును. సంఘములోని వార్తలన్నియు దేవునికి వినిపించుట మొదలుపెట్టును. ఎవరు చందా ఇయ్యలేదో, ఎవరి కోడలు ఆరాధనకు రావడము మానెనో, కమిటీలో ఎవరు ఎదురు తిరిగిరో, అన్నియు ఆ ప్రార్థనలోనే బయటపడును. పిలుచుట ప్రభువును, మాట తగులుట మూడవ వరుసలో చాపమీద కూర్చున్న పొరుగువానికి. పాపము, అతడు బదులు చెప్పలేడు. ప్రార్థన నడుమ లేచి బదులు చెప్పువాడెవడు? రచ్చకట్టమీద ముఖాముఖి అనుటకు ధైర్యము చాలని మాటను కన్నులు మూసికొని అనుట దొంగదెబ్బ. దీనికి ప్రార్థన అని పేరు పెట్టుట తగునా? తగదని నేను గట్టిగా చెప్పుచున్నాను.

లూకా సువార్త 18వ అధ్యాయము తీసి చూడుడి. దేవాలయమునకు ఇద్దరు పోయిరి. పరిసయ్యుడు అబద్ధములు చెప్పెనని ప్రభువు అనలేదు. అతడు ఉపవాసముండిన మాట నిజము, దశమభాగమిచ్చిన మాట నిజము. కాని తన మంచితనమును కొలుచుటకు పక్కనున్న సుంకరిని కొలబద్దగా పెట్టుకొనెను. అక్కడనే అతని ప్రార్థన చెడిపోయెను. సుంకరి దూరముగా నిలిచి, తల ఎత్తక, తాను పాపినని ఒప్పుకొని కరుణ వేడెను. వాని ప్రార్థన ఒక్క ఊపిరిలో ముగిసెను. నీతిమంతుడని తీర్పు పొంది ఇంటికి వెళ్లినవాడు వాడే. మన ఆరాధనలలో ఈనాడు ఎవని ప్రార్థనకు "ఆమేన్" గట్టిగా పలుకుచున్నాము? మీరే చెప్పుడి.

ఇక వర్షపు ప్రార్థనల సంగతి. మనది అనంతపురము మెట్టసీమ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రదుకవలసిన నేల. కంబదూరు చుట్టుపక్కల ఎఱ్ఱనేలలో వేరుసెనగ వేసిన రైతుకు ఆగస్టు నెల ఎట్టిదో ఎవరును చెప్పనక్కరలేదు. ఊడలు దిగువేళకు పదును లేకపోయిన యెడల విత్తనమునకు తెచ్చిన అప్పే మిగులును. బోరు మీద బోరు వేసి, అడుగున దుమ్ము తప్ప చెమ్మ చూడక, పిల్లలను ముసలివారియొద్ద విడిచి బెంగుళూరుకు కూలికి పోయిన కుటుంబములు మన సంఘములలోనే కలవు. ఇట్టి చోట వానకొరకు ప్రార్థించుట దేవుని బిడ్డలకు తగిన పనియే. దానిని నేను తప్పుపట్టను. ప్రార్థించు తీరును తప్పుపట్టుచున్నాను.

ఊరిలో కప్పను ఊరేగించినప్పుడును, విరాటపర్వము చదివించినప్పుడును మనము పెదవి విరిచి నవ్వుదుము. ఆ నవ్వు మనకు తగదు; ఎండిన పైరు వారిదియు మనదియు ఒకటే. పైగా మనము చేయుచున్నదేమి? మైకు సెట్టు తెచ్చి, నాలుగు దిక్కులకు నాలుగు బాక్సులు కట్టి, మూడు రాత్రులు అరచినయెడల మూడవనాడు మేఘము వచ్చి తీరవలెనని లెక్క కట్టుచున్నాము. ఇన్ని గంటలకు ఇంత వాన అను బేరము మన మనస్సులో నున్నంతవరకు మనము ఎవరిని చూచి నవ్వగలము?

కర్మెలు కొండమీద ఆ బేరమునే బయలు ప్రవక్తలు చేసిరి. 450 మంది ఉదయము మొదలుకొని కేకలు వేసిరి, గంతులు వేసిరి, కత్తులతో కోసికొనిరి. ఏలీయా ప్రార్థన రెండే వచనములు. అటు తరువాత వానకొరకు ఆయన ఎట్లు ప్రార్థించెనో 1 రాజులు 18వ అధ్యాయములో చదువుడి. కొండకొన కెక్కి, నేలకు వంగి, మోకాళ్ల మధ్య ముఖము పెట్టుకొనెను. చూచుటకు జనములేరు. దాసుని ఏడు మారులు సముద్రమువైపు పంపెను. ఆరు మారులు ఏమియు లేదనియే వాడు చెప్పెను. ఆరు మారులు లేదని విన్నను ఆయన కోపగించలేదు, లేచిపోలేదు, గొంతు పెంచలేదు. అదియే వినయము. ఏలీయా మనవంటి స్వభావముగల మనుష్యుడేయని యాకోబు వ్రాసినది మనకొరకే.

ఇక్కడ ఒకరు లేచి, "అయ్యా, గ్రుడ్డి బర్తిమయి కేకలు వేయలేదా? మొఱ్ఱపెట్టుట తప్పా?" అని అడుగవచ్చును. మంచి ప్రశ్న. బర్తిమయి కేకలు వేసెను. కాని జనసమూహము వానిని ఊరకుండుమని గద్దించుచుండగా వేసెను. వాని కేక యేసును చేరుటకే, జనుల మెప్పుకు కాదు. కడుపుమండి ఏడ్చువాని గొంతు పెద్దదైనను దేవుడు వినును. హన్నా వలె పెదవులు మాత్రమే కదలినను వినును. యాజకుడైన ఏలీ ఆమెను చూచి త్రాగియున్నదనుకొనెను. దేవుడు మాత్రము ఆమె మనవి నంగీకరించెను. కాబట్టి గొంతు చిన్నదా పెద్దదా అనుటకంటె, అది ఎవరి చెవికొరకు లేచెను అనునదే అడుగవలసినది.

మరియొక కీడు కలదు. ప్రార్థన అంగడి సరుకగుచున్నది. నూనె సీసాకు ఒక కానుక, చేతిరుమాలుకు ఒక కానుక, పేరు చదివి ప్రార్థించుటకు వేరొక కానుక. ఫోనులో డబ్బు పంపినవారి పేరు ముందు వచ్చును. పంపలేని విధవరాలి పేరు రానే రాదు. స్వస్థత కలుగనప్పుడు, వాన కురియనప్పుడు ఆ బోధకుడేమనును? "మీ విశ్వాసము చాలలేదు" అని చెప్పి బండి ఎక్కి పోవును. పైరు ఎండినది, అప్పు మిగిలినది, ఇప్పుడు విశ్వాసములేనివాడన్న నింద కూడ ఆ బీదవాని నెత్తినే! సహోదరులారా, ఇది క్రూరము. గాయపడినవానిని మరల కొట్టుట క్రీస్తు పని కాదు.

మన తెలుగు సంఘ చరిత్ర మనకు వేరొక మాదిరి చూపుచున్నది. 1836లో ఆరంభమైన అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషనును ఫలము లేదని మూసివేయుదుమా అని అమెరికాలో ఆలోచించుచున్న రోజులలో, 1854 జనవరి 1న తెల్లవారుజామున జ్యూయెట్ దొర దంపతులును కొందరు తెలుగు క్రైస్తవులును ఒంగోలు ప్రక్కనున్న కొండ యెక్కి మోకరించిరి. వారు కొద్దిమందియే. వినుటకు సభ లేదు. ఆ చోటు కోరిన క్లౌ దొర తెలుగుదేశమునకు వచ్చుటకే మరి పదకొండేండ్లు పట్టినది. ఆ పదకొండేండ్లును వారు దేవునితో బేరమాడలేదు, కనిపెట్టిరి.

తరువాత 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చెను. అప్పుడు బళ్లారి జిల్లాలో నుండిన మన సీమ కూడ దానిలో మాడిపోయెను. ఒంగోలు ప్రాంతమున క్లౌ దొర బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో ఒక భాగము కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసెను. ఆ కరవు పని కాలములో బాప్తిస్మమియ్యక ఆపివేసెను. గంజికొరకు వచ్చినవానిని విశ్వాసియని లెక్కించుట ఆయనకు ఇష్టము లేదు. కరవు సహాయము ముగిసిన తరువాత, 1878 జూలై 3న, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము పండుగలలో గర్వముగా చెప్పుకొందుము. దానికి ముందు నెలల తరబడి ఆపిన చేతిని మాత్రము మరచిపోవుదుము. యథార్థత అనగా ఆ ఆపిన చెయ్యియే.

అట్లయిన మనమేమి చేయవలెను? వానకొరకు కూడుకొనుటకు ముందు, మత్తయి 5వ అధ్యాయములో ప్రభువు చెప్పినట్లు, మాటలు లేని సహోదరుని ఇంటికి పోయి సమాధానపడుడి. నీ బోరులో నీరున్నయెడల పొరుగువాని పశువులను తొట్టియొద్దకు రానిమ్ము. కూలివారికి బాకీయున్న కూలి ఆ సాయంకాలమే ఇచ్చివేయుము. ఉపవాసమునుగూర్చి యెషయా 58వ అధ్యాయములో దేవుడు అడిగినది ఇట్టిదే. పొరుగువాని పశువును తొట్టియొద్దనుండి తోలివేసి ఆకాశపు నీళ్లకొరకు చేతులు చాపుట ఎట్లు?

ప్రార్థించునప్పుడు మీ ఇంటి మాటతోనే ప్రార్థించుడి. తండ్రియొద్ద బిడ్డకు అరువు భాష యేల? కలుపు తీసి వచ్చిన అవ్వ రెండు ముక్కలు పలికి కన్నీరు తుడుచుకొనినయెడల, "ఈమెకు ప్రార్థన రాదు" అని పెద్దలు తొందరపడి అందుకొనవద్దు. ఆమె ప్రార్థన ముగిసినది, మనమే నేర్చుకొనవలెను.

వాన దేవుని చేతిలోనున్నది. అది వచ్చినను రాకున్నను మన హృదయము మాత్రము ఈ సాయంకాలమే ఆయన యెదుట వంగవచ్చును. దానికి మైకు అక్కరలేదు, కానుక అక్కరలేదు, మేఘము అక్కరలేదు. తలుపు వేసికొనుడి. రహస్యమందు చూచు తండ్రి అక్కడనే యున్నాడు.