మేకు ఎందుకు వెనక్కి వచ్చింది?



వార్షికోత్సవ సంచిక అంటే కవితలు, జ్ఞాపకాలు, కృతజ్ఞతలు ఉంటాయి. అవన్నీ ఉండవలసినవే. మేము మాత్రం ఈసారి ఒక మేకు గురించి రాయాలనుకున్నాం. ఆ మేకు మాకు ఒక పాఠం చెప్పింది. ఆ పాఠం మన హాస్టల్ చదువులకు, మన సైన్స్ ఫెయిర్‌లకు కూడా వర్తిస్తుందని మా అభిప్రాయం.

సైన్స్ ఫెయిర్ కోసం మేము కాయిల్ లాంచర్ చేద్దామని కూర్చున్నాం. కరెంటు పోయే తీగచుట్ట అయస్కాంతమై ఇనుప ముక్కను లోపలికి లాగుతుంది, ఆ ఊపుకు ముక్క అవతలి వైపు నుంచి బయటికి దూకుతుంది. సూత్రం ఇంతే. సెంటీమీటరు మందమున్న ఖాళీ పెన్ను గొట్టం మీద అర మిల్లీమీటరు ఎనామిల్ రాగి తీగను 3 సెంటీమీటర్ల పొడవున 200 చుట్లు చుట్టాం. పొలంలో మందు కొట్టే స్ప్రేయర్‌లోని 12 వోల్టుల బ్యాటరీకి, కాలింగ్ బెల్ స్విచ్ మధ్యలో పెట్టి కలిపాం. గొట్టం అంచున తల కోసేసిన మేకు ముక్కను పెట్టి స్విచ్ నొక్కాం.

మేకు టక్కున లోపలికి దూకింది. అవతలి అంచు దాకా పోయింది. మళ్లీ వెనక్కి వచ్చి కాయిల్ నడిమధ్యలో ఆగిపోయింది!

అందరం నవ్వుకున్నాం. "చుట్లు చాలలేదురా" అన్నాడు ఒకడు. అందరికీ అదే నిజమనిపించింది. మర్నాడు 400 చుట్లు చుట్టాం. మేకు ఇంకా మెల్లగా కదిలింది, అక్కడే ఆగింది. రాగి తీగ డబ్బులు మాత్రం రెట్టింపుకు పైగా అయ్యాయి.

అప్పుడు కాగితం, పెన్సిలు తీసుకున్నాం. ఆ పని మొదటే చేయవలసింది. 200 చుట్లకు సుమారు ఏడున్నర మీటర్ల తీగ పడుతుంది. దాని నిరోధం సుమారు 0.65 ఓమ్. బ్యాటరీ పూర్తిగా 12 వోల్టులు ఇస్తుందనుకుంటే సుమారు 18 ఆంపియర్ల కరెంటు పోతుంది. అయస్కాంత బలం లెక్క చుట్ల సంఖ్యను కరెంటుతో గుణిస్తే వస్తుంది. ఇక్కడ అది సుమారు 3,700. మరి 400 చుట్లకో? పై వరసల చుట్టు పెద్దదవుతుంది గనుక తీగ 18 మీటర్ల దాకా పడుతుంది. నిరోధం ఒకటిన్నర ఓమ్ దాటుతుంది, కరెంటు 8 ఆంపియర్ల లోపుకు పడిపోతుంది. గుణిస్తే సుమారు 3,100. అంటే చుట్లు రెట్టింపు చేసి బలం తగ్గించుకున్నామన్నమాట! పైగా చుట్లు పెరిగేకొద్దీ కాయిల్‌లో కరెంటు పూర్తిగా ఎక్కడానికి పట్టే సమయం కూడా పెరుగుతుంది.

మన వైరా చుట్టుపక్కల ఏ మోటారు వైండింగ్ మేస్త్రీని అడిగినా ఈ మాటే చెబుతాడు. కాలిపోయిన మోటారు వస్తే ఆయన పాత తీగను ఊరికే పీకి పారేయడు. చుట్లు లెక్కపెడతాడు, తీగ గేజి కొలుస్తాడు, నోటు పుస్తకంలో రాసుకుంటాడు. చుట్లు ఎక్కువేస్తే మోటారు నీళ్లు లాగే బలం తగ్గుతుందని, తక్కువేస్తే ఎక్కువ కరెంటు లాగి కాలిపోతుందని ఆయనకు తెలుసు. ఆయన చేతికి తెలిసిన విషయం మా పుస్తకంలో సూత్రంగా ఉంది. పరీక్షలో మార్కులు తెచ్చుకున్నాం గానీ అది ఇదేనని గుర్తుపట్టలేకపోయాం.

దాదాపు 200 ఏళ్ల కిందట ఈ సంగతి తేల్చినవాడు అమెరికాలోని ఆల్బనీకి చెందిన జోసెఫ్ హెన్రీ. పేదింటి పిల్లవాడు. గడియారాలు, వెండి పని చేసే చోట పనికి కుదిరి, తరువాత ఆల్బనీ అకాడమీలో చదివి అక్కడే అధ్యాపకుడయ్యాడు. తీగకు పట్టు చుట్టి, వరస మీద వరస వేసి విద్యుదయస్కాంతాలు చేశాడు. 1831లో యేల్ కాలేజీ కోసం చేసిన అయస్కాంతం 900 కిలోలకు పైగా బరువు ఎత్తింది. ఎలాంటి బ్యాటరీకి ఎలాంటి చుట్ట సరిపోతుందో విడివిడిగా చూపించాడు. చుట్లు ఎన్ని అన్నది బ్యాటరీని చూసి తేల్చుకోవాలన్నది ఆయన నేర్పిన విషయం.

ఇక మేకు వెనక్కి ఎందుకు వచ్చింది? కాయిల్ మేకును తన మధ్యకు లాగుతుంది. మధ్య దాటాక కూడా కరెంటు ఉంటే మళ్లీ మధ్యకే లాగుతుంది. కాబట్టి మేకు మధ్యకు చేరేలోపే కరెంటు ఆగిపోవాలి. మేకు సెకనుకు 3 మీటర్ల వేగంతో పోతుందనుకుంటే 3 సెంటీమీటర్ల కాయిల్‌ను సెకనులో నూరోవంతులో దాటేస్తుంది. మన వేలు ఎంత తొందరపడినా అంతలో స్విచ్ నొక్కి వదలలేదు. పైగా బెల్ స్విచ్ 6 ఆంపియర్లకు చేసింది. దాని గుండా 18 పంపితే లోపలి రేకులు మెరుపు కొట్టి అతుక్కుపోతాయి. కరెంటు ఆపేటప్పుడు కాయిల్ ఎదురుతిరుగుతుంది గనుకనే ఆ మెరుపు. ఈ గుణాన్ని కొలిచే ప్రమాణానికి 'హెన్రీ' అని ఆయన పేరే పెట్టారు.

థైరిస్టర్ పెడదామని కొందరన్నారు. బ్యాటరీ మీద అది ఒకసారి వెలిగితే తనంతట ఆగదు. మాకు కావలసింది ఆపగలిగేది. అందుకే మోస్‌ఫెట్ పెట్టాం. కాయిల్ ముందు భాగంలో గొట్టానికి అటూ ఇటూ ఇన్‌ఫ్రారెడ్ బల్బు, సెన్సారు పెట్టాం. మేకు ఆ వెలుగుకు అడ్డం రాగానే కరెంటు ఆగుతుంది. కాయిల్ ఎదురుదెబ్బ నుంచి మోస్‌ఫెట్‌ను కాపాడటానికి ఒక డయోడు వేశాం. డయోడు ఒక్కటే ఉంటే కరెంటు మెల్లగా తగ్గి మేకును కాస్త వెనక్కి పట్టింది. దానికి వరసలో చిన్న రెసిస్టర్ కలిపాక, ఆ 200 చుట్ల కాయిల్ నుంచే మేకు బయటికి దూకి ఎదురుగా పెట్టిన గుడ్డల పెట్టెలో పడింది. అమెరికా నౌకాదళంలో 2017లో చేరిన జెరాల్డ్ ఫోర్డ్ నౌక మీద విమానాలను విసిరే యంత్రం ఇంకా పెద్దది, వేరే రకానిది. అయినా అక్కడ కూడా దారి వెంట కాయిళ్లను సరైన సమయానికి వెలిగించి ఆపడమే అసలు పని.

తమ్ముళ్లకు ఒక హెచ్చరిక. పాత కెమెరా ఫ్లాష్‌లోని కండెన్సర్ తీసి పెడితే మేకు ఇంకా దూరం పోతుందని ఎవరైనా చెబుతారు. వినకండి. అందులో 300 వోల్టుల దాకా ఉంటుంది, బ్యాటరీ తీసేశాక కూడా ఉంటుంది. ప్రాణం పోవచ్చు. ఇంటి కరెంటు జోలికి అసలే పోకండి. 12 వోల్టులు దాటకూడదు, గొట్టాన్ని బల్లకు బిగించాలి, ఎదురుగా మనిషి ఉండకూడదు. ఎంత దూరం పోయిందన్నది చూసి బహుమతి ఇచ్చినంత కాలం పిల్లలు ఇలాంటి ప్రమాదాలకే పోతారు. మా అసలు అభ్యంతరం ఇదే. ఫెయిర్‌లో మమ్మల్ని అందరూ "ఎంత దూరం పోతుంది?" అనే అడిగారు. "మొదట ఎందుకు పోలేదు?" అని ఒక్కరూ అడగలేదు.

పోని ప్రయోగానికి విలువ లేదా? నార్వే ప్రొఫెసర్ క్రిస్టియాన్ బిర్కెలాండ్ విద్యుదయస్కాంత ఫిరంగి చేసి 1903లో విశ్వవిద్యాలయ సభలో అందరి ముందు పేల్చబోయాడు. షార్ట్ సర్క్యూట్ అయి పెద్ద మంట, పెద్ద చప్పుడు వచ్చాయి. సభ బెదిరిపోయింది. ఆయన మాత్రం ఆ మంటను వదల్లేదు. అదే ఏడు సామ్ ఐడె అనే ఇంజనీరుతో కలిసి, విద్యుత్ మంటతో గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చే పద్ధతి తయారుచేశాడు. 1905లో దానికోసం నార్స్క్ హైడ్రో కంపెనీ పుట్టింది. తరువాత అమ్మోనియా పద్ధతి చౌకై దాని స్థానంలోకి వచ్చింది, నేటి యూరియా అలా తయారైందే. అయినా పేలని ఫిరంగి పొలాలకు ఎరువైన సంగతి, ఎరువు బస్తా విలువ తెలిసిన మన ఇళ్ల పిల్లలకు చెప్పవలసిన కథ.

కాబట్టి మా కోరికలు మూడు. ఒకటి, హాస్టల్లో ఒక బల్ల, ఒక మల్టీమీటరు, ఒక సోల్డరింగ్ ఐరన్, ఒక 12 వోల్టుల బ్యాటరీ ఉండాలి. ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలు తలా కొంచెం వేసుకుంటే ఇది పెద్ద ఖర్చు కాదు. రెండు, ఏడాదికి ఒక్క ఆదివారమైనా ఒక వైండింగ్ మేస్త్రీని పిలిచి, ఆయన రోజు కూలి ఆయనకిచ్చి, గురువుగా కూర్చోబెట్టి నేర్చుకోవాలి. మూడు, ఫెయిర్‌లో ప్రతి నమూనా పక్కన ఒక కాగితం ఉండాలి: ఏది పని చేయలేదు, ఎందుకు చేయలేదు, ఏం మార్చాం అని.

కొని తెచ్చిన నమూనాకు ఆ కాగితం రాయడం ఎవరి తరమూ కాదు. డబ్బు లేని మన పిల్లలు మాత్రం రాయగలరు. మా 400 చుట్ల కాయిల్‌ను పారేయకుండా దాచాం. వచ్చే ఏడు తమ్ముళ్లు ముందు దానితోనే మొదలుపెట్టాలని మా కోరిక.