పెట్టె మీది అంకెలు, పనిలోని నిజాలు

కృష్ణగిరి జిల్లాలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారిలో రాతి పని, వెల్డింగ్, వడ్రంగం, విద్యుత్ పనుల మీద బ్రతికేవారు అనేకులు. హోసూరు, బాగలూరు, బేరికె, డెంకణికోట ప్రాంతాలలోని ఇటువంటి పనివారికి నేడు రెండు వస్తువులు లేనిదే రోజు గడవదు. ఒకటి చేతి ఫోను, రెండవది చేతి మిషను. పనికి పిలుపు వచ్చేది ఫోనులో; కూలి జమ అయ్యేదీ తరచు ఫోనులోనే. ఆ కూలిని సంపాదించి పెట్టేవి డ్రిల్లు, గ్రైండరు, కట్టరు. ఏది మొరాయించినా ఆ నాటి సంపాదన పోయినట్టే. అయినప్పటికీ వీటిని కొనేవేళ మనిషికి దొరికే ఆధారం పెట్టె మీద అచ్చయిన అంకెలు, దుకాణదారు మాట మాత్రమే. ఆ అంకెలు ఏమి చెబుతున్నాయి, దేనిని దాచిపెడుతున్నాయి అన్నది విచారించదగిన విషయం.

ముందుగా బ్యాటరీ సంగతి. సాధారణమైన ఫోను పెట్టె మీద 5000 ఎంఏహెచ్ అని ఉంటుంది. బ్యాటరీతో నడిచే డ్రిల్లు మీద 4 యాంపియర్-అవర్ అని, అంటే 4000 ఎంఏహెచ్ అని ఉంటుంది. చూడడానికి ఫోనుదే పెద్ద అంకె. కాని ఫోను బ్యాటరీ పనిచేసేది సుమారు 3.85 వోల్టుల వద్ద. డ్రిల్లుది 18 వోల్టుల వద్ద. రెండింటినీ గుణిస్తే ఫోనులో ఉన్నది 19 వాట్-అవర్లు, డ్రిల్లులో ఉన్నది 72 వాట్-అవర్లు. చిన్న అంకె గల దానిలోనే శక్తి దాదాపు నాలుగింతలు! అదే డ్రిల్లును ఒక సంస్థ 18 వోల్టులని, మరొక సంస్థ 20 వోల్టులని అమ్మడం కూడ కద్దు. లోపల ఉన్నవి రెండింటిలోనూ అవే ఐదు సెల్లుల వరుసలు. పూర్తిగా ఛార్జి అయిన క్షణంలో ఒక్కొక్క సెల్లు 4 వోల్టులకు పైగా చూపుతుంది. పనిలో పడిన తరువాత సగటున 3.6 వోల్టుల వద్ద నిలుస్తుంది. ఒకరు మొదటి లెక్కను, మరొకరు రెండవ లెక్కను అచ్చువేసుకున్నారు. ఇందులో అబద్ధం లేదు. కాని కొనేవానికి కలిగే అవగాహన మాత్రం తప్పు.

ఫోను వేగాన్ని కొలిచే పరీక్షల చరిత్ర ఇంతకన్న విచిత్రమైనది. 2022 మార్చిలో గీక్‌బెంచ్ అనే ప్రసిద్ధ పరీక్షా సంస్థ శాంసంగ్ వారి ఖరీదైన గెలాక్సీ ఫోన్లను తన పట్టిక నుండి తొలగించింది. నిత్యం వాడే యాప్‌లను నెమ్మదింపజేసే ఏర్పాటు ఆ ఫోన్లలో ఉన్నదని, పరీక్షా యాప్‌ను మాత్రం అది ముట్టుకోవడం లేదని తేలడమే కారణం. బ్యాటరీ ముదిరిన పాత ఐఫోన్లను తామే నెమ్మదింపజేస్తున్నామని ఆపిల్ సంస్థ 2017 డిసెంబరులో అంగీకరించి, క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్పిడి ధరను తగ్గించవలసి వచ్చింది. మార్కులు సంపాదించే సామర్థ్యం వేరు, మూడవ ఏడు కూడ మొదటి ఏడువలె పనిచేసే సామర్థ్యం వేరని ఈ రెండు ఉదంతాలు చాటుతున్నాయి.

సరిహద్దు గ్రామాలకు ఇందులో మరొక ప్రత్యేక బాధ ఉన్నది. టవరు దూరమై సిగ్నల్ సన్నగిల్లినప్పుడు ఫోను తన ప్రసార శక్తిని పెంచుకొని టవరును అందుకోవడానికి పెనుగులాడుతుంది. ఒక రాష్ట్రం టవరు నుండి మరొక రాష్ట్రం టవరుకు మారే చోట ఈ పెనుగులాట అధికం. బ్యాటరీ తరుగుదల అంతా అక్కడే. గదిలో, బలమైన సిగ్నల్ కింద వీడియో నడిపి చూసిన గంటల లెక్క బేరికె పొలిమేరలో నిలవదు. కొనదలచిన ఫోనును అదే ఊరిలో, అదే కంపెనీ సిమ్ముతో వాడుతున్న ఇరుగుపొరుగువారి అనుభవమే ఇందుకు సరైన కొలమానం.

చేతి మిషన్ల విషయంలో వాట్లది ఇటువంటి కథే. పెట్టె మీది వాట్లు సాధారణంగా మిషను కరెంటును ఎంత తీసుకుంటుందో చెబుతాయి. ఎంత పని చేస్తుందో చెప్పవు. పైగా ఆ లెక్క 230 వోల్టులు నిండుగా అందినప్పటిది. 2000 వాట్ల గ్రైండరును ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరుతో 50 మీటర్ల దూరంలో నడిపితే వైరులోనే సుమారు 15 వోల్టులు హరించుకుపోతాయి. పల్లెలో అసలు సరఫరాయే 200 వోల్టులకు పడిపోయిన వేళ మిషనుకు మిగిలేది 185. వేగం తగ్గుతుంది, మోటారును చల్లార్చే ఫ్యాను కూడ దానితోపాటు నెమ్మదిస్తుంది. పని సాగడం లేదని పనివాడు మరింత అదిమి పట్టేకొద్దీ వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది. మిషను నాసిరకమని నింద పడుతుంది. దోషం సన్నని వైరుది కావచ్చునన్న ఆలోచన ఎవరికీ రాదు.

అంతమాత్రాన పెట్టె మీది అంకెలన్నీ వ్యర్థమని తీర్మానించరాదు. ప్రాణం కాపాడే అంకె ఒకటి ఉన్నది. గ్రైండరు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో, బిగించే చక్రం ఎన్ని చుట్లకు తట్టుకుంటుందో రెండింటి మీదా అచ్చయి ఉంటుంది. చక్రం అంకె ఎప్పుడూ మిషను అంకె కన్న తక్కువ కారాదు. పనిని త్వరగా ముగించే తొందరలో గార్డు తీసివేసి, పెద్ద చక్రాన్నో కలప కోసే పళ్ళ చక్రాన్నో బిగించే అలవాటు పనిచోట్ల కనిపిస్తూనే ఉన్నది. చిత్రమేమంటే భారతదేశంలో అమ్మే ఫోను 22 షెడ్యూల్డు భాషల అక్షరాలనూ చూపగలగాలని ఐఎస్ 16333 ప్రమాణం విధించింది; వేళ్ళు తెగే ప్రమాదం గల మిషను వెంట వచ్చే హెచ్చరిక కాగితం మాత్రం పనివాని భాషలో ఉండడం అరుదు.

నిత్య వ్యవహారంలో పనితనానికి చివరి పరీక్ష మరమ్మతు. కార్బన్ బ్రష్షులు అరిగిన డ్రిల్లును అవి మార్చి గంటలో తిరిగి పనికి పంపవచ్చు. జిగురుతో అతికించిన ఫోనులో బ్యాటరీ మార్చడం అంత సులభం కాదు. బ్యాటరీ మిషన్లలో సాధారణంగా ఒక సంస్థ బ్యాటరీ మరొక సంస్థ మిషనుకు సరిపోదు. ఆ బ్యాటరీ తయారీ ఆగిన నాడు మంచి మోటారు కూడ పాత ఇనుము కిందికే వస్తుంది.

ఈ సత్యాన్ని ఐరోపా దేశాలు ముందుగా గుర్తించాయి. ఫ్రాన్సు 2021 జనవరి 1 నుండి కొన్ని వస్తువులకు మరమ్మతు సూచికను తప్పనిసరి చేసింది. వాటిలో ఫోనుతోపాటు గడ్డి కోసే యంత్రం కూడ ఉండడం గమనార్హం. ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20 నుండి ఫోన్ల మీద కొత్త లేబులును అమలులోకి తెచ్చింది. ఒకసారి ఛార్జి చేస్తే ఎన్ని గంటలు నిలుస్తుంది, కింద పడితే ఎంత తట్టుకుంటుంది, మరమ్మతుకు ఎంత అనువు అన్నవి దాని మీద ఉండాలి. 800 సార్లు ఛార్జి చేసిన తరువాత కూడ బ్యాటరీలో కనీసం 80 శాతం సామర్థ్యం మిగలాలన్న నియమమూ ఉన్నది.

భారత ప్రభుత్వం 2022లో మరమ్మతు హక్కుపై సంఘాన్ని నియమించి, అదే ఏడు డిసెంబరులో ప్రత్యేక పోర్టలును ఆరంభించింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు మరియు ఎలక్ట్రానిక్ వస్తువులు, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలను ఎంపిక చేసింది. ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులకు మరమ్మతు సూచికను సిఫారసు చేస్తూ మరొక సంఘం 2025 మేలో నివేదిక సమర్పించింది. ఇవన్నీ హర్షణీయమే. కాని ఆ నాలుగు రంగాలలో చేతిపనివాని మిషనుకు పేరు పెట్టి చోటివ్వలేదు. 2006లో మొదలైన స్టార్ లేబులు ఫ్రిజ్, ఏసీ కొనే కుటుంబానికి కరెంటు ఖర్చును ఒక చూపులో తెలుపుతున్నది. కూలి డబ్బుతో గ్రైండరు కొనేవానికి ఆపాటి సహాయం ఎందుకు అందరాదు?

లేబులు వచ్చేదాకా ఉన్న హక్కులనైనా వినియోగించుకోవాలి. వ్యాపారానికి కొన్నవారు వినియోగదారులు కారని చట్టం అన్నమాట నిజమే. అయితే స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొన్న వస్తువుకు ఆ మినహాయింపు వర్తించదని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్పష్టం చేసింది. బెంగళూరు ఎస్.జె.పి. రోడ్డులో కొన్న మిషను మీద ఫిర్యాదును కొన్నవాడు తాను నివసించే జిల్లా కమిషనులోనే వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము లేదు. 1915 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇందుకు కావలసిందల్లా రసీదు. పన్ను మిగులుతుందన్న ఆశతో రసీదు వదులుకున్నవాడు హక్కును కూడ దుకాణంలోనే వదిలి వస్తున్నాడు.

కొనేముందు అడగవలసిన ప్రశ్నలు కొన్నే. పూర్తి ఛార్జితో తన పని ఎంతసేపు సాగుతుంది? అరిగే భాగం దగ్గరి పట్టణంలో ఏ ధరకు దొరుకుతుంది? వారంటీ దేనికి వర్తించదు? చెడితే ఎన్ని రోజులు పని మానుకోవాలి? వీటికి దుకాణదారు వద్ద జవాబు లేకపోతే, పెట్టె మీద ఎంత పెద్ద అంకె ఉన్నా ఆ వస్తువు విలువ కొనేవానికి తెలియనట్టే. ఆ జవాబులను పెట్టె మీదనే, పనివాడు చదవగల భాషలో అచ్చువేయించవలసిన బాధ్యత ప్రభుత్వానిది.