ఉక్కలో రంగుల ముఖములు

పాఠశాల తిరునాళ్లలో పిల్లల ముఖములపై పులిచారలు, సీతాకోకచిలుకలు వ్రాయు బల్ల యొకటి వేసిన చాలును. మిఠాయి అంగడికంటె దానిముందరనే పిల్లల బారు పొడుగుగా నుండును. ఈ ముచ్చట మనకు క్రొత్తది కాదు. దసరాకు ఒడలెల్ల పసుపురంగు పూసికొని, నల్లచారలు తీర్చికొని, డప్పుల దరువున కాడు పులివేషములను మన తీరప్రాంతమున చూడని బాలుడు అరుదు. కావున ఈ వేడుకను మాన్పుడని మేము వ్రాయుట లేదు. మన యెండకు, మన ఉక్కకు తగినట్లు జరుపుడనియే మా మనవి.

మేము మొదటి యేట మధ్యాహ్నము రెండు గంటలకు ఆటస్థలమున బల్ల వేసితిమి. ఆకు కదలుట లేదు. గాలినిండ సముద్రపు తేమ. ముఖమంతయు పులిరంగు పూయించుకొనిన యొక చిన్నవాడు అరగంట పరుగులాడి వచ్చుసరికి నుదుటి రంగు చెమటతో కరగి కన్నులలోనికి దిగెను. వాడు కన్నులు నులుముకొని మంటను మరింత హెచ్చించుకొనెను. కడుగుటకు దగ్గర నీళ్లైనను ఉంచుకొనమైతిమి. ఆ లోపము మాదే.

చర్మమునకు రంగు పూసిన ఊపిరాడదని కొందరు పెద్దలు భయపడుదురు. అది నిజము కాదు. మనము ఊపిరితిత్తులతో శ్వాసింతుము గాని చర్మముతో కాదు. అసలు చిక్కు చెమటయందున్నది. ఒక గ్రాము చెమట ఆవిరియగునపుడు సుమారు 580 కేలరీల వేడిమిని ఒంటినుండి కొనిపోవును. ఇవి ఆహారపు లెక్కలోనివి కావు, భౌతికశాస్త్రమునందలి చిన్న కేలరీలు. గాలి తేమతో నిండియున్నపుడు చెమట ఆవిరి కాక కారిపోవును. కారిన చెమట చల్లదన మీయదు. అట్టి దినమున ముఖమునంతయు నూనెరంగుతో కప్పుట, తడిగుడ్డను ఆరవేసి దానిపై మూతపెట్టుట వంటిది. ముఖ మొక్కటి కప్పినంతనే వడదెబ్బ తగులునని కాదు. ఎండలో పరుగులాడు బాలునికి ఉన్న కొద్ది చల్లదనమును తగ్గింప నేల?

రంగు ఎట్టిదో కూడ చూడవలెను. పూర్వము వేషధారులు పూసికొనిన హరిదళము ఆర్సెనిక్కు గల ఖనిజము. కాగితమునకు వేయు రంగులు, విషము లేనివని డబ్బాపై వ్రాసియున్నను, చర్మమునకై చేసినవి కావు. గోడరంగు పూసి కిరసనాయిలుతో తుడుచుట మరింత చెరుపు. ముఖమునకే చేసిన నీటిరంగు బిళ్లలను కొనవలెను. అవి సబ్బునీటితో పోవును. ముందునాడు మణికట్టు లోపలివైపున చుక్కంత పూసి చూచినయెడల దురదయో దద్దురో కలుగునేమో తెలియును.

తల్లులకొక మాట. తిరునాళ్లకు పంపుచు బిడ్డల ముఖమునకు కొబ్బరినూనె రాచి పౌడరు అద్దవలదు. నూనెపై నీటిరంగు నిలువదు. ముఖము కడిగి పొడిగుడ్డతో ఒత్తి పంపిన చాలును.

బల్లను ఎండ వాలిన పిదప చెట్టునీడను వేయవలెను. రంగును పలుచగా పూసి, విసనకర్రతో విసరి, ఆరిన పిమ్మట రెండవ పూత వేయవలెను. కనురెప్పల జోలికి పోరాదు. కండ్లకలక ఒకరినుండి యొకరికి అంటును గనుక ఒకరికి వాడిన స్పాంజిని మరియొకరికి వాడరాదు. పుండుగాని గజ్జిగాని ఉన్నచోట పూయరాదు. ఒల్లనని వెనుదిరిగిన బిడ్డను నవ్వుచు బలవంతముగ కూర్చుండబెట్టరాదు.

ముఖము నిండని చిన్న బొమ్మతో పిల్లలు తృప్తి పడుదురా యని కొందరు మమ్మడిగిరి. మరుసటి యేట సాయంకాలము ఐదు గంటలకు బల్ల వేసి, బుగ్గమీదనో ముంజేతిమీదనో అరచేతికి మించని బొమ్మనే వ్రాసితిమి. ముంజేతిపై చిలుకను వ్రాయించుకొనిన యొక బాలిక దానిని మాటిమాటికి ఎత్తి చూచుకొనుచు, తోడివారికి చూపుచు, చీకటి పడువరకు తిరుగుచుండెను. అప్పుడు మాకు తోచినది: ముఖముపై బొమ్మను లోకమంతయు చూచును, అద్దము లేక ఆ బిడ్డ మాత్రము చూడలేదు, చేతిమీది బొమ్మ బిడ్డకే సొంతము.

ఉపాధ్యాయులు, తలిదండ్రులు రాబోవు తిరునాళ్లకు ఈ మాటలను మనసున నుంచుకొందురని నమ్ముచున్నాము. వేడుక పిల్లలది; దానిని వారికి నొప్పి లేకుండ అందించు బాధ్యత మనది.