టర్కీ సరే, కాల్షియం ఏది?

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. ప్రేమ్ బజార్‌లో మా పొరుగున ఉండే పిన్నిగారిదీ అలాంటి రైల్వే కుటుంబమే. మొన్న సాయంత్రం ఆవిడ ఫోను పట్టుకుని వచ్చారు. అమెరికాలో ఉన్న కూతురు తన కుక్కకు ఇంట్లోనే వండి పెడుతోందట. టర్కీ కోడి కైమా, గుమ్మడికాయ, అన్నం. ఆ వంట పద్ధతి అమ్మకూ పంపింది. "గుమ్మడికాయకేం, బజారులో ముక్కలు కోసి అమ్ముతున్నారు. టర్కీ ఎక్కడి నుంచి తేను బాబూ?" అన్నది ఆవిడ దిగులు.

"టర్కీయే అక్కర్లేదు పిన్నీ, మన కోడి చాలు" అన్నాను. ఆవిడ ఊరట పడ్డారు. నాకు మాత్రం బెంగ మొదలైంది. ఆ వంటలో అసలు లోపం టర్కీ దొరక్కపోవడం కాదు. అమెరికాలో టర్కీతో వండినా ఆ లోపం అలాగే ఉంటుంది.

ముందు ఉన్న మంచి చెప్పుకుందాం. టర్కీ కుక్కకు ఇచ్చేది ప్రధానంగా మాంసకృత్తులు. కొవ్వు, చర్మం తీసేసిన కోడిమాంసమూ అదే పని చేస్తుంది. గుమ్మడిలో పీచు ఉంటుంది, బీటా కెరోటిన్ ఉంటుంది. దాన్ని కుక్క శరీరం విటమిన్ ఎగా మార్చుకోగలదు. పిల్లికి ఆ శక్తి లేదు. అయితే కావలసింది పసుపుపచ్చని తియ్య గుమ్మడి, వడియాలు పెట్టుకునే బూడిద గుమ్మడి కాదు. అన్నం గురించీ భయం అక్కర్లేదు. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైముకు సంబంధించిన జన్యువు తోడేళ్లలో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో చాలా ఎక్కువ ప్రతులున్నాయని 2013లో 'నేచర్' పత్రికలో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. మనిషి పక్కన బతుకుతూ కుక్క మన తిండికి అలవాటు పడింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. పది కిలోల బరువున్న, ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకు రోజుకు సుమారు 600 కిలో కేలరీలు కావాలి. ఎముకలు తీసి ఉడికించిన కోడిమాంసం 200 గ్రాములు, అన్నం 200 గ్రాములు, గుమ్మడి 100 గ్రాములు కలిపితే ఆ శక్తి వస్తుంది. కడుపూ నిండుతుంది. కానీ అందులో కాల్షియం 100 మిల్లీగ్రాములు కూడా ఉండదు. ప్రతి 1000 కిలో కేలరీల ఆహారానికి ఒక గ్రాము కాల్షియం ఉండాలని అమెరికా జాతీయ పరిశోధన మండలి 2006లో సిఫారసు చేసింది. అంటే ఈ కుక్కకు 600 మిల్లీగ్రాములు కావాలి. మనం పెట్టింది అందులో ఆరో వంతు కూడా కాదు. పైగా మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ. ఆహారంలో కాల్షియం ఫాస్ఫరస్‌కు కనీసం సమానంగా ఉండాలి. ఇక్కడ అది తలకిందులైంది.

తిండిలో కాల్షియం చాలకపోతే శరీరం ఊరుకోదు. పారాథైరాయిడ్ గ్రంథులు చురుకై ఎముకల నుంచి కాల్షియం లాగి రక్తంలోకి పంపుతాయి. కుక్క పైకి హుషారుగానే కనిపిస్తుంది, లోపల ఎముకలు గుల్లబారుతుంటాయి. ఎదిగే పిల్లల్లోనైతే కాళ్లు వంకరపోవచ్చు, చిన్న గెంతుకే ఎముక విరగవచ్చు.

"ఎంత ఇష్టంగా తింటోందో చూడు" అనడం రుజువు కాదు. ఈ రాష్ట్రంలోనే, మోహన్‌పూర్‌లోని ఐసర్ కోల్‌కతాలో అనిందితా భద్ర బృందం వీధికుక్కలను ఏళ్లుగా గమనిస్తోంది. మాంసం వాసన వేస్తే ముందు దాన్నే తినెయ్యాలన్నది ఆ కుక్కలు పాటించే సూత్రమని వారు తేల్చారు. గిన్నెలో కాల్షియం ఉందో లేదో కుక్క ముక్కు చెప్పదు.

"మా ఊళ్లో కుక్కలు పెరుగన్నం తిని బతకలేదా?" అని పిన్నిగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ కుక్కలు పెరుగన్నంతో ఆగలేదు. ఊరంతా తిరిగాయి, చేప తలలు తిన్నాయి, ఎముకలు కొరికాయి. గొలుసుతో కట్టిన కుక్కకు మనం పెట్టే గిన్నె తప్ప మరో దారి లేదు. అందులో లేనిది దానికి ఎక్కడా దొరకదు.

కాల్షియానికి మన వంటింట్లోనే ఉపాయం ఉంది. కడిగి, మరిగించి, ఆరబెట్టి మెత్తగా దంచిన గుడ్డు పెంకు పొడి రెండు గ్రాములు వేస్తే సుమారు 750 మిల్లీగ్రాములు వస్తుంది. కానీ కథ అక్కడితో అయిపోదు. మనలా ఎండ నుంచి కావలసినంత విటమిన్ డి తయారుచేసుకోవడం కుక్కకు చేతకాదు, తిండిలోనే అందాలి. అయోడిన్, జింకు, విటమిన్ ఇ లాంటివీ చూసుకోవాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 2013లో 200 ఇంటి వంటకాలను పరీక్షిస్తే, 95 శాతంలో కనీసం ఒక్క అత్యవసర పోషకమైనా చాలలేదు. వాటిలో పశువైద్యులు రాసినవీ ఉన్నాయి.

అందుకే నా మాట ఇది. టర్కీ, గుమ్మడి, అన్నం కలిపిన వంటను రుచి కోసం అప్పుడప్పుడూ పెట్టండి. రోజూ అదే పెట్టాలనుకుంటే పశువైద్యుడితో లెక్క కట్టించుకోండి. కుక్కపిల్లలకు, చూలు కుక్కలకు, మూత్రపిండాల జబ్బున్న వాటికి సొంత ప్రయోగాలు వద్దు. ఉల్లి, వెల్లుల్లి వేయకండి, అవి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఉడికించిన ఎముకలూ వద్దు, చీలి పేగులకు గుచ్చుకుంటాయి.

ఈ లెక్కల భారమంతా పిన్నిగారి మీద వేయడం మాత్రం అన్యాయం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 భారతీయ ఆహార పదార్థాల పోషక వివరాలు ప్రచురించింది. తిరుపతిలో, హైదరాబాద్‌లో పశువైద్య విశ్వవిద్యాలయాలున్నాయి. ఆ పట్టికల ఆధారంగా మన బజారులో దొరికే సరుకులతో, గ్రాముల్లో, తెలుగులో నాలుగు వంటకాలు తయారుచేసి, పరీక్షించి అందరికీ అందుబాటులో పెట్టడం వారికి అసాధ్యం కాదు. అంతవరకూ జనం కూతుళ్ల ఫోన్ల మీదే ఆధారపడతారు.

పిన్నిగారు ఆ రాత్రి కోడిమాంసంతోనే వండారు. పొద్దున్నే గుడ్డు పెంకులు ఎండలో ఆరబెడుతూ కనిపించారు. "వంటింటి త్రాసు ఉందా బాబూ?" అని అడిగారు. నాకు అదే సంతోషం.